కిటికీలోంచి వేసిన తువ్వాలు

పోయిన వారం భద్రాచలంలో ఖమ్మం బస్సెక్కాను. మోకాళ్ళ నొప్పులకు ఖమ్మం పోయి చూపించుకోవడం రిటైరయ్యాక నాకు రెండో ఉద్యోగంలా తయారైంది. మా అమ్మాయి ఫోన్లోనే సీటు బుక్ చేసింది కాబట్టి, ఎవరి కాలూ తొక్కకుండా, ఎవరితో మాటా పడకుండా నా నంబరు వెతుక్కుని కూర్చున్నాను. పక్క సీట్లో ఒక కుర్రవాడు, ఒళ్ళో పోటీ పరీక్షల పుస్తకం, చెవుల్లో తీగలు. ఆ పుస్తకం అట్ట చూడగానే నా చెయ్యి భుజం మీద తువ్వాలు కోసం తడుముకుంది. నేను భుజాన తువ్వాలు వేసుకోవడం మానేసి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తులేదు.

పెద్దవాళ్ళతో పరిచయాలు పెంచుకోవడాన్ని ఇప్పుడు నెట్‌వర్కింగ్ అంటారట, మా అమ్మాయే చెప్పింది. ఎనభైల మొదట్లో నాకు తెలిసిన నెట్‌వర్కింగ్ తువ్వాలు వేయడం ఒక్కటే. ఆ కాలపు బస్సులెక్కిన మీకు నేను కొత్తగా చెప్పేదేముంది, బస్సు స్టాండులోకి వచ్చి ఆగకముందే దాని పక్కన పరుగెత్తి, కిటికీలోంచి తువ్వాలు విసిరితే అది పడ్డ సీటు మనది. ఎంత మొండివాడైనా ఆ తువ్వాలుకు మర్యాద ఇచ్చేవాడు. నేను మాత్రం వేసింది నాకోసం కాదు.

డిగ్రీ పూర్తిచేసి సర్వీసు పరీక్షలకు చదువుతున్న రోజులవి. అడవి అంచున ఉన్న మా గూడెంలో జీతం తీసుకునే మనిషే లేడు, ఇక ఆఫీసరు ఉద్యోగం గురించి ఎవరిని అడగను? మా మేనబావ భద్రాచలం బస్టాండులో సోడాలు అమ్మేవాడు, ఎవరు ఏ బస్సెక్కుతారో అతనికి తెలియనిది కాదు. "ఒక్క ఆఫీసరన్న ఎరుకుండాలె బామ్మర్ది, లేకుంటే నీ సదువు ఆడనే ఉంటది" అని, కుటుంబాన్ని ఖమ్మంలో ఉంచి ఇక్కడ పనిచేస్తున్న ఒక రెవెన్యూ ఆఫీసరుగారిని చూపించాడు. ఆయన శనివారం సాయంత్రం ఇంటికి వెళ్ళేవారు. నేను కూడా ఆదివారం చదువుకోవడానికి ఖమ్మంలో ఒక మిత్రుడి గదికి వెళ్తుండేవాణ్ణి. ఇంకేం, ప్రతి శనివారం ఆయన సీటుకు నా తువ్వాలు.

ఆయన కూర్చునేవారు, నేను పక్కనే కడ్డీ పట్టుకుని నిలబడేవాణ్ణి. చదువుతున్నావా అని అడిగేవారు, అవ్ సార్ అనేవాణ్ణి. బస్సు గోదావరి వంతెన దాటేలోపే ఆయన కళ్ళు మూతపడేవి. ఖమ్మం దాకా ఆ తల నా మోచేతికి తగులుతూ ఉండేది. ఎండాకాలం పోయింది, వానాకాలం కూడా పోయింది, మా పరిచయం మోచేయి దాటి ముందుకు రాలేదు.

ఇంతలో నేను రాతపరీక్షలో నెగ్గాను, ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. సంతోషం కంటే భయమే ఎక్కువైంది. ఇంట్లో మాది వేరే భాష, బయట మాట్లాడేది మా వైపు తెలుగు, పుస్తకాల తెలుగు చదవడమే తప్ప నోటికి రాదు. నోరు విప్పితే నవ్వుతారేమో, ఇన్నేళ్ళ చదువూ ఆ నవ్వుతో పోతుందేమో అని అన్నం సహించేది కాదు. నాకు చెప్పగల మనిషి ఆ ఆఫీసరుగారొక్కరే.

ఆ శనివారం పాల్వంచకు ముందు అడవిలో టైరు పంచరైంది. అందరూ దిగి తునికి చెట్ల నీడన నిలబడ్డారు. ఆయన మెలకువగా దొరకడం అదే మొదలు. ధైర్యం తెచ్చుకుని అడిగేశాను. "సార్, ఇంటర్వ్యూల మన మాట మాట్లాడితే నవ్వుతరా?"

ఆయన అన్నారు కదా, "నాకేమెరుకయ్యా. నేను గూడ ఒక పెద్ద సార్‌కు గిట్లనే సీటు ఆపిన. ఆయన గూడ నిద్రే పోయిండు."

నా ప్రాణం ఉసూరుమంది. బస్సు కదిలేటప్పుడు మాత్రం ఆయన నా భుజం పట్టుకుని తన సీట్లో కూర్చోబెట్టారు. "కూసో. ఎప్పుడు చూడు నిలబడే ఉంటవ్. కూసొని మాట్లాడుడు అలవాటు గావాలె నీకు" అని, ఖమ్మం దాకా తాను కడ్డీ పట్టుకుని నిలబడి, మీ ఊరేది, మీ అడవిలో ఏం దొరుకుతుంది అని ఒక్కొక్కటే అడుగుతూ వచ్చారు. సిగ్గుతో సగం, సంతోషంతో సగం, మా మాటలోనే చెప్పుకుంటూ పోయాను.

ఇంటర్వ్యూలో ఒక పెద్దమనిషి ఎలా వచ్చావని అడిగితే, బస్సుల కూసొని వచ్చిన సార్ అన్నాను. నవ్వారో లేదో చూడలేదు. కోరుకున్న ఉద్యోగం కాకపోయినా దానికి ఒక మెట్టు కిందిది వచ్చింది. ఆ మాట చెబుదామని వెళ్ళేసరికి ఆయనకు బదిలీ అయిపోయింది. ఆయనకు అంత నిద్ర ఎలా వచ్చేదో మాత్రం, ఉద్యోగంలో చేరి అదే బస్సులో శనివారాలు తిరిగాక నాకు తెలిసింది.

ఇప్పుడు సీటు కోసం పరుగెత్తే పని లేదు. ప్రశ్నలన్నిటికీ ఫోన్లోనే జవాబులున్నాయట, మంచిదే. కానీ పక్కన కూర్చున్న ముసలాయన ఏం పనిచేశాడో అడిగే అవసరం ఎవరికీ లేకుండా పోయింది. మన మాటే మాట్లాడు బిడ్డా, ఏం కాదు అని చెప్పాలని పాల్వంచ దాకా ఎదురుచూశాను. కొత్తగూడెం దగ్గర ఆ అబ్బాయి చెవిలోంచి తీగ తీసి నా వైపు తిరిగాడు. నేను గొంతు సవరించుకున్నాను.

"అంకుల్, జర జరుగుతరా? దిగాలె."

జరిగాను. ఖాళీ అయిన సీటు మీద తువ్వాలుకు బదులు నా చేతిసంచి పెట్టి, ఖమ్మం దాకా నిద్రపోకుండా కూర్చున్నాను.