కారు బానెట్‌కి మిరపకాయల పరదా

వారం రోజులుగా మా కారు మీద వీధి పిల్లిదే పెత్తనం. నేను ఇంజన్ ఆపడమే ఆలస్యం, బానెట్ ఎక్కి పడుకుంటుంది. అదిలిస్తే పెయింటంతా గోళ్ళతో గీకి మరీ దిగుతుంది. ఘాటుకి రాదులే అని, కల్లంలో మిరపకాయలు ఆరబోసిన పరదా తెచ్చి నిన్న బానెట్ మీద కప్పాను. ఈ రోజు పొద్దున్న చూస్తే పిల్లి దాని మీదే హాయిగా నిద్రపోతోంది. పరదా దులిపిన నాకు మాత్రం తుమ్ములే తుమ్ములు.

గోడ అవతల నీళ్ళ పొయ్యి దగ్గరున్న సువార్తమ్మ టీచరు గారు నవ్వారు.

"దానికి కావాల్సింది మీ కారు కాదండి, వెచ్చదనం. మా పొయ్యి పక్కన గోతం వేస్తాను, చూద్దాం."

"వస్తుందంటారా?"

"పిల్లి కదండీ, మీకంటే తెలివైంది!"

సాయంత్రం కారు ఆపాను. పిల్లి వచ్చింది, బానెట్ వంక చూసింది, గోడ దూకి గోతం మీద ముడుచుకుంది. ఒక్క కొత్త గీత లేదు!

రేపు మా మామిడితోటలోని ఎండుకొమ్మలు రెండు మోపులు టీచరు గారికి ఇస్తున్నాను. ఆ పొయ్యి ఆరితే నా కారుకే నష్టం. మీ వీధి పిల్లులు ఎవరి బండిని నమ్ముకున్నాయో చెప్పండి.