పొగగదిలో ఎవరున్నారు

కర్కాటక మాసపు వాన పొద్దుటి నుంచీ తెరిపి ఇవ్వలేదు. భోజనాల వేళ తంగచ్చన్ తన జీపులో ఒక ముసలాయన్ని క్యాజువాలిటీకి తీసుకొచ్చాడు. నుదుటి మీద దెబ్బ, కట్టుకున్న ముండు పంచె నిండా బురద, ఒంటి నిండా పొగ వాసన. రబ్బరు షీట్లని పొగగదుల్లో వేలాడదీసి ఆరబెట్టే ఊళ్ళో అదేమంత వింత కాదు కనుక ఎవరూ పట్టించుకోలేదు.

"మా పక్కింటి ఔసేప్పు చేట్టన్. రోడ్డు మీద పడున్నాడు," అన్నాడు తంగచ్చన్. "మతి తప్పి చాన్నాళ్ళయింది సిస్టర్. కూతురు బళ్ళో టీచరు, ఫోనెత్తట్లేదు."

అక్కడ పెద్ద నర్సు లిస్సమ్మ. ఆమె గాయం కడగబోతే ముసలాయన ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"ఏలి లేవట్లేదు."

"ఆయన భార్య ఏలియామ్మ. ఎప్పుడో పోయింది," తంగచ్చన్ గొంతు తగ్గించి చెప్పాడు.

ఏ ముసలాయన్నైనా అప్పచ్చా అని పిలిచే లిస్సమ్మ, పని తొందరలో నోరు జారింది. "ఏలియామ్మ దేవుడి దగ్గరుంది అప్పచ్చా. మీరు కదలకండి."

ఆ చావు కబురు అప్పుడే విన్నవాడిలా ఆయన ముఖం పాలిపోయింది. మరుక్షణం కేక పెట్టి మందుల ట్రేని కాలితో తన్నేశాడు. ఇద్దరు పరుగున వచ్చి ఆయన చేతుల్ని మంచానికి అదిమిపెట్టారు.

"తలలో నెత్తురు గడ్డ కట్టిందేమో, స్కాన్ తీయాలి. ఇలా కొట్టుకుంటే ఎలా కుదురుతుంది? మత్తు ఇద్దాం," అన్నాడు డాక్టర్ నవాస్.

లిస్సమ్మ సూది నింపింది గానీ చెయ్యి ముందుకు పోలేదు. తన అత్తగారు గుర్తొచ్చింది. చివరి రోజుల్లో ఆవిడకీ ఇంతే. కాదంటే కరిచేది, ఔనంటే కథ చెప్పేది. "నా కాలు కుక్క పీక్కు తింటోంది" అని ఆవిడ ఏడుస్తుంటే ఇంటిల్లిపాదీ నవ్వారు, లిస్సమ్మ కూడా నవ్వింది. తీరా దుప్పటి తీసి చూస్తే బొటనవేలు నల్లగా కుళ్ళిపోయి ఉంది.

"డాక్టర్, ఇది పడితే మాట కూడా పోతుంది. కాసేపు నన్ను అడగనివ్వండి."

"అడగండి. నాకైతే ఒక్క ముక్క సరిగ్గా చెప్పలేదు."

చేతులు పట్టుకున్నవాళ్ళని ఆమె పక్కకి పొమ్మంది. ఏ చెవి వినపడుతుందో తంగచ్చన్‌ని అడిగి, ఆ వైపు స్టూలు వేసుకుని, మాస్కు కిందికి లాగి, ఆయన కళ్ళకి ఎదురుగా కూర్చుంది.

"అప్పచ్చా, ఏలి ఎక్కడుంది?"

ఆమె మళ్ళీ అడగలేదు. రేకుల మీద వాన చప్పుడు వింటూ ఊరికే కూర్చుంది.

"పొగగదిలో," అన్నాడు చివరికి.

"ఏం చేస్తోంది?"

"తలుపు కొట్టింది. బాగా కొట్టింది. ఇప్పుడు కొట్టట్లేదు."

"పాత సంగతులేవో కలవరిస్తున్నాడు," తంగచ్చన్ నిట్టూర్చాడు.

లిస్సమ్మకి అత్తగారి నల్లబడ్డ బొటనవేలు మళ్ళీ గుర్తొచ్చింది. "ఏలి ఏం కట్టుకుంది అప్పచ్చా?"

"పచ్చ చుడీదారు."

"చుడీదారేంటి? ఆవిడ పోయేదాకా తెల్ల చట్టా రవికా ముండూ తప్ప ఇంకోటి..." అంటూనే తంగచ్చన్ ఆగిపోయాడు. "సిజి. అమ్మో, సిజి."

"సిజి ఎవరు?"

"ఈయన్ని చూసుకోడానికి పెట్టుకున్న పిల్ల, ఆ పచ్చ చుడీదారు ఆమెదే. ఇడుక్కి నుంచి వచ్చింది. తమ్ముడి నిశ్చితార్థానికి పోతానంది, పోయిందనే అనుకున్నా."

లిస్సమ్మ మళ్ళీ ముసలాయన వైపు తిరిగింది. "తలుపు ఎవరు వేశారు అప్పచ్చా?"

"నేనే." ఆయన నవ్వాడు. "గొళ్ళెం పెట్టకపోతే మేక లోపలికి పోదూ?"

తంగచ్చన్ అప్పటికే జీపు వైపు పరుగెత్తాడు. నవాస్ ఫోనులో అంబులెన్సుని పిలుస్తున్నాడు. ముసలాయన మాత్రం లిస్సమ్మ చెయ్యి వదలకుండా, ఏదో పెద్ద పని దించుకున్నవాడిలా కళ్ళు మూసుకున్నాడు. ఇక మత్తు అవసరం పడలేదు.

సిజిని తెచ్చేసరికి ఆమె ముక్కు చుట్టూ మసి, గోళ్ళ నిండా చెక్క పేళ్ళు. ఊపిరి ఉందా లేదా అన్నట్టుంది. ఆక్సిజన్ పెట్టి అటు నుంచి అటే మెడికల్ కాలేజీకి పంపారు. ఔసేప్పు తలలో చిన్న గడ్డ ఉందని స్కాన్‌లో తేలింది. అది దానంతటదే కరిగిపోయింది. కూతురు వచ్చి ఆయన్ని ఇంటికి తీసుకెళ్ళింది. వెళ్ళేటప్పుడు లిస్సమ్మని పక్కకి పిలిచి, "గొళ్ళెం సంగతి ఆ పిల్లకి చెప్పకండి సిస్టర్," అని బతిమాలింది.

సిజి బతికింది. లిస్సమ్మ సెలవు రోజున చూడ్డానికి వెళ్తే, మంచం మీద కూర్చుని గంజి తాగుతోంది. మాట ఇంకా తడబడుతోంది.

"షీట్లు తిప్పుదామని లోపలికెళ్ళాను సిస్టర్, తలుపెలా మూసుకుపోయిందో తెలీదు. అప్పచ్చన్ బయటే కూర్చున్నాడు, నాకు తెలుసు. పిలిచిన ప్రతిసారీ పలికాడు. 'ఇదిగో ఏలీ, వస్తున్నా' అన్నాడు. ఎంత ప్రేమగా అన్నాడో. తలుపు మాత్రం తియ్యలేదు."

లిస్సమ్మ గిన్నె అందుకుని, మిగిలిన గంజి తనే తాగించింది.