లాకెట్టు మీద పేరు రేకు

ఆఫీసులో ఆవిడకి పెట్టిన పేరు 'ఖాళీ మేడమ్'. పెట్టినవాళ్ళ తెలివికి దండం పెట్టాలి. చిన్న చిన్న పరికరాలకి సరిపడే యాంటెన్నా ఎంచడం ఆవిడ పని. దాని చుట్టూ కాస్త ఖాళీ జాగా వదలాలి, దగ్గర్లో లోహం ఉండకూడదు, లేకపోతే సిగ్నల్ బయటికి పోదు. ఇన్నేళ్ళుగా ఆవిడ అడిగింది ఇంతే. స్క్రీన్ వాళ్ళు, బ్యాటరీ వాళ్ళు, స్పీకర్ వాళ్ళు పీట వేసుకుని కూర్చున్నాక మిగిలిన మూల యాంటెన్నాకి పారేస్తారు. దానిది ఎప్పుడూ కడబంతే. ఫోన్ కలవకపోతే మాత్రం తిట్లన్నీ దానికే!

ఈసారి చేస్తున్నది పెద్దవాళ్ళు మెడలో వేసుకునే లాకెట్టు. కాలు జారి పడితే దాని బటన్ నొక్కాలి, ఇంట్లోవాళ్ళ ఫోన్ మోగాలి. ఆవిడకి ఇది ఒట్టి ఉద్యోగం కాదు. అత్తగారు ఒకసారి స్నానాలగదిలో పడి, అరిచినా టీవీ హోరులో ఎవరికీ వినపడక, కోడలు ఇంటికొచ్చేదాకా తడినేల మీదే ఉండిపోయింది. అప్పట్నించీ పెద్దావిడ తలుపు గడియ పెట్టుకోవడం మానేసింది. అంతకుమించిన చిన్నతనం లేదని లోలోపల కుమిలిపోతుంది.

అందుకే యాంటెన్నాని ఎంచడానికి కోడలు పెట్టిన వంకలు అన్నీ ఇన్నీ కావు. తీగచుట్ట బాగానే పనిచేసింది గానీ లాకెట్టు లావెక్కింది. సర్క్యూట్ బోర్డు మీదే రాగిగీతలా గీసేది చవక, దానికి జాగా చాల్లేదు. ఆఖరికి బియ్యపుగింజంత పింగాణీ యాంటెన్నా కుదిరింది. ఒంటికి ఆనితే ఒళ్ళే సిగ్నల్‌ని మింగేస్తుందని, దాన్ని ఛాతీకి ఎడంగా, పైమూల పెట్టించింది. అత్తగారి మెడలో వేసి స్నానాలగదిలోంచి నొక్కిస్తే వంటింట్లో ఫోన్ మోగింది.

"మోగిందా? అయితే ఇక గడియ పెట్టుకుంటానే," అంది పెద్దావిడ.

తీరా సరుకు తయారై వచ్చాక చూస్తే, ఆ పైమూల, సరిగ్గా ఆ ఖాళీ మీదే, తళతళలాడే ఇత్తడి రేకు! కంపెనీ పేరుట.

"అక్కడ మరీ బోసిగా ఉంది కదండీ," అన్నాడు మేనేజరు.

ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. అతగాడు లాకెట్టుని ఫోన్ పక్కనే పెట్టి నొక్కి, "మోగుతోందిగా!" అని పళ్ళికిలించాడు. ఫోన్ పక్కన చూసుకుని పడేవాళ్ళు ఎవరయ్యా? ఆవిడ లాకెట్టు మెడలో వేసుకుని వరండా చివరికి నడిచి నొక్కింది. బల్ల మీద ఫోన్ కిక్కురుమనలేదు.

"చూశారా? రేకు తీయించండి."

"ప్యాకింగ్ కూడా అయిపోయాక ఇప్పుడేం తీయిస్తామండీ. ఇంట్లో అంత దూరం ఎవరు పోతారు?"

దున్నపోతు మీద వాన. ఆవిడ విసురుగా లేచి గుమ్మం దాటుతుంటే అతను వెనకే వచ్చాడు. గొంతు తగ్గించాడు.

"మా అమ్మ కింద వాటాలో ఒక్కతే ఉంటుంది. ఆవిడకి మాత్రం రేకు లేనిది ఒకటి చేసిపెడతారా?"

అంటే తెలుసన్నమాట! తెలియక చేస్తే పోనీ పాపం అనుకోవచ్చు, ఈ మహానుభావుడికి ఇంతసేపూ తెలుసు. ఆవిడ సరాసరి సరుకుగదిలోకి పోయి, మొదటి పెట్టె విప్పి, పట్టకారుతో రేకులు పీకడం మొదలుపెట్టింది. అతను లబోదిబోమంటూ పరుగెత్తుకొచ్చాడు.

"ఏంటండీ ఇది, మతిగానీ పోయిందా?"

"మీ అమ్మగారికి రేకు లేనిది కావాలన్నారుగా," అంది ఆవిడ తలెత్తకుండా. "వీటిలో ఏది ఎవరి అమ్మకి వెళ్తుందో నాకు తెలీదు. అందుకని అన్నీ పీకుతున్నాను."