పాముకాటు తర్వాతి పేజీ

శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలైన కొత్తల్లో మా వైపు జనానికి ప్రతిదీ పైకి లేస్తుందని ఒక గట్టి నమ్మకం ఉండేది. భూముల ధరలు లేచాయి, అంతదాకా కందిచేలున్న చోట మేడలు లేచాయి, భూమి అమ్మినవాళ్ళ కాలర్లు లేచాయి. నేను అప్పుడే తెలుగు ఎమ్మే పాసయ్యాను కనుక నేనూ లేస్తాననే అనుకున్నాను. తెలుగు సాహిత్యం నా కోసం గుమ్మంలో నిలబడి ఎదురుచూస్తోందనీ, చెప్పులు విప్పి లోపలికి వెళ్ళడమే నా వంతు పని అనీ నాకు ఎంతో ధీమా. (ఇప్పుడు తలుచుకుంటే ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని తల నిమరాలనిపిస్తుంది.) చివరికి ఆ గుమ్మం కాటేదాన్‌లో దొరికింది. ఒకవైపు బిస్కెట్ల కార్ఖానా, ఇంకోవైపు ప్లాస్టిక్ పైపుల షెడ్డు, మధ్యలో రేకుల కప్పు కింద ఒక అచ్చాఫీసు. అందులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం. "సర్కారు నౌకరా బిడ్డా?" అని అడిగాడు మా నాన్న, బాపు. కాదన్నాను. "సరే తీ, నీడపట్టున కూసునుడే గద" అని ఆశీర్వదించాడు.

యజమానిని మేమంతా చాటుగా గైడుగారు అనేవాళ్ళం. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన మనిషి, మాట మహా మర్యాద. పాఠ్యపుస్తకం తెరవకుండానే పిల్లల చేత పరీక్ష రాయించడం ఆయన జీవితాశయం. పదో తరగతి గైడు, ఇంటర్ గైడు, డిగ్రీ గైడు అన్నీ వేసేవాడు. పరీక్షల కాలం దాటితే వాటి మొహం చూసేవాళ్ళుండరు కాబట్టి, మిగతా రోజుల్లో మిషన్ ఖాళీగా ఉండకుండా నోముల కథలూ, స్తోత్రాలూ, హక్కులడిగే వారసులు మిగలని పాత కావ్యాలూ అచ్చేసేవాడు. అయితే ఆయన చేతిలో పడ్డాక ఏ పుస్తకమైనా గైడే. కావ్యం వెనకాల 'ముఖ్యమైన ప్రశ్నలు' చేరేవి. పద్యాల పక్కన చుక్కలు పడేవి, ఎక్కువ చుక్కలుంటే పరీక్షలో తప్పకుండా వస్తుందని గుర్తు. అలవాటు కొద్దీ ఓసారి ఒక స్తోత్రానికీ చుక్కలు పెట్టించాడు. ఏ నామానికి దేవుడు ఎక్కువ మార్కులేస్తాడో ఈయనకెలా లీకయిందో మాకు అంతుపట్టలేదు. నేను ధైర్యం చేసి అడిగితే ఎంతో ఓపిగ్గా చెప్పాడు. "చూడమ్మా, విద్యార్థికి కావాల్సింది మార్కులు, పాఠం కాదు. భక్తుడికి కావాల్సింది ఫలం, కథ కాదు. మధ్యలో మనం అడ్డం రాకూడదు."

ఆయన్ని ఇంతగా ఆడిపోసుకుంటున్నాను గానీ, నా చదువు మాత్రం ఏమంత గొప్పగా ఏడ్చిందని. ప్రూఫులు దిద్దేవాళ్ళు పుస్తకం చదువుతారని లోకం అనుకుంటుంది. మేం అక్షరాలు చదువుతాం. ఒత్తు జారిందా, దీర్ఘం లేచిందా, సున్నా ఎగిరిపోయిందా, అంతే. రాజు చచ్చాడన్న సంగతి మాకు పట్టదు, చచ్చాడులో చ వత్తు ఉందా లేదా అన్నదే పట్టింపు. అట్లా ఎన్నో మహాకావ్యాలు నా కళ్ళముందు నుంచి బిస్కెట్ల వాసనతో కలిసి వెళ్ళిపోయాయి, ఒక్కదాంట్లోనూ కథేమిటో నాకు తెలియదు.

అట్లా దిద్దినదే ఆ శుక్రవారం నోము పుస్తకం. అచ్చయి రాగానే ఒక ప్రతి తీసుకెళ్ళి మామిడిపల్లిలో మా మేనత్త చేతిలో పెట్టాను. అత్తమ్మ అప్పుడు పెద్ద బెంగలో ఉంది. మామకు కడుపులో గడ్డని తేలింది, పట్నంలో పెద్ద దవాఖానలో చేర్పించారు, శనివారం పొద్దున ఆపరేషన్. "గీ శుక్రారం నోము వట్టుకుంట బిడ్డా, నువ్వు దిద్దిన పుస్తకంతోనే. నీ చెయ్యి మంచిది" అంది. నా చెయ్యి గురించి అంత మంచి మాట అంతకుముందెవరూ అనలేదు, ఆ తర్వాతా ఎవరూ అనలేదు. ఆ రోజు ఆఫీసుకు సెలవు పెట్టి మరీ వెళ్ళాను.

వాడకట్టు ఆడవాళ్ళంతా చేతుల్లో అక్షింతలు పట్టుకుని కూర్చున్నారు. అత్తమ్మ కొత్తకోడలు పుస్తకం అందుకుంది. ఆ అమ్మాయి ఇంటర్ చదివింది కానీ గద్య పద్య భేదం లేకుండా అన్నిటినీ ఒకే రైలు వేగంతో చదివేది. కథ మంచి పాకాన పడింది. రాజుగారి చిన్నకోడలు నోమును ఎగతాళి చేసింది, ఐశ్వర్యమంతా పోయింది, కట్టుబట్టలతో భార్యాభర్తలిద్దరూ అడవిన పడ్డారు. సరిగ్గా అప్పుడే నెత్తిమీద నుంచి ఒక విమానం పోయింది. (మామిడిపల్లిలో ఏ దేవుడైనా విమానం పోయేదాకా ఆగాల్సిందే.) చప్పుడు తగ్గాక కోడలు మళ్ళీ అందుకుంది. "అంతట పుట్టలోని సర్పము భర్తను కాటు వేసెను. ఆతడు నేలకొరిగెను. ఆ ఇల్లాలు గుండెలు బాదుకొనుచు, తల్లీ, నాకింక దిక్కెవ్వరు అని విలపించెను." పేజీ తిప్పింది. ఊపిరి కూడా పీల్చుకోకుండా, అదే రాగంలో, "పదవ తరగతి విద్యార్థులకు శుభవార్త! ఇక భయము వలదు. మా గైడు చదవండి, ఫస్టు క్లాసు పొందండి!"

శుభవార్త అన్న మాట చెవినపడగానే సగం మంది అక్షింతలు వేసేశారు.

మిగతా సగం మంది మొహాలు చూసుకున్నారు. "పదో తరగతి ఎవలు సదివిండ్రే?" అని అడిగింది పక్కింటి ముసలమ్మ. కోడలు పేజీలు ముందుకూ వెనక్కూ తిప్పింది. ఆ తర్వాత అట్ట తప్ప మరేం లేదు. సంగతి నాకర్థమైంది. అచ్చులో పదహారు పేజీలకొక ఫారం, అంటే ఒక పెద్ద కాగితం. కథ ఒక్క పేజీ ఎక్కువొస్తే దానికోసం ఇంకో ఫారం కాగితం ఎవరు పెడతారు? నేను చివరి ప్రూఫు చూసి ఇచ్చాక గైడుగారు కథ ఆఖరి పేజీ పీకేసి, అయినదేదో అయిందని, అట్ట లోపలివైపు తన గైడు ప్రకటన వేసుకున్నాడు. భక్తుడికీ ఫలానికీ మధ్య అడ్డం రాలేదు, నేరుగా ఫలాన్నే తీసేశాడు.

నాకు నవ్వొచ్చింది. నోరు తెరిచి అత్తమ్మ వైపు చూశాను, నవ్వు గొంతులోనే ఆగిపోయింది. ఆమె మొహం తెల్లగా పాలిపోయి ఉంది. చేతిలో అక్షింతలు అట్లాగే ఉన్నాయి. "నడుమల ఆగింది. ఆయన గట్లనే పడున్నడు. రేపు మీ మామను లోపటికి తీస్కపోతుంటే నేను గీ కథ యాది చేస్కుంట కూసోవాల్నా?" అంది. ఉన్నట్టుండి నా వైపు తిరిగింది. "నువ్వే గద దిద్దినవ్? ఆఖరికి ఏమైతదో చెప్పు బిడ్డా. చెప్తేనే లేస్త."

ఆఖరికేమవుతుందో నాకేం తెలుసు! కళ్ళు మూసుకుని ఆ పేజీని గుర్తు తెచ్చుకున్నాను. కథ రాలేదు. నేను దిద్దిన తప్పులు మాత్రం వరసగా వచ్చి నిలబడ్డాయి. 'మజిగ' అని ఉంటే మజ్జిగ చేశాను. 'ఏనగు'కు కొమ్ము తగిలించాను. 'దౌహిత్రుడు'కి ర వత్తు పెట్టి, అంటే కూతురి కొడుకు కదా అని మనసులో అర్థం కూడా చెప్పుకున్నాను. ఎమ్మే తెలుగు మొత్తానికి అప్పుడు నా చేతిలో మిగిలినవి ఆ మూడు మాటలు. వాటితో ఒక మొగుణ్ణి బతికించాలి.

"చెప్త, జర ఆగు అత్తమ్మా" అని గొంతు సవరించుకున్నాను. "అప్పుడు అమ్మవారు ముసలమ్మ వేషంల వచ్చింది. నెత్తి మీద మజ్జిగ కుండ. ఎందుకేడుస్తున్నవ్ బిడ్డా అని అడిగింది. సరిగ్గ అదే టైముకు రాజులేని పట్నం నుంచి పట్టపుటేనుగు పూలదండ పట్టుకుని..."

"ఏనుగు తర్వాత రానీ" అని కసిరింది అత్తమ్మ. "ముందుగాల ఆయన లేశిండా లేదా?"

"లేశిండు! అమ్మవారు గింత మజ్జిగ నోట్ల పోసింది. నిద్రల కెళ్ళి లేశినట్టు కండ్లు నలుసుకుంట లేశిండు."

"లేశి ఏమన్నడు?"

ఇది ఊహించని ప్రశ్న. పొద్దున్నుంచీ నేనూ ఉపవాసమే, లోపల్నుంచి పులిహోర వాసన. "ఏమే, ఆకలైతుంది, ఏమన్న పెట్టు అన్నడు" అన్నాను.

అందరూ ఒక్కసారిగా నవ్వారు. ముసలమ్మ కళ్ళొత్తుకుంటూ, "మొగోళ్ళు సచ్చి లేశినా గదే మాట" అంది. అత్తమ్మ కూడా ఏడుస్తూనే నవ్వింది. ఆ తర్వాత ఏనుగొచ్చి అతని మెళ్ళో దండ వేసింది, అతను ఆ పట్నపు పాత రాజుకు దౌహిత్రుడేనని తేలింది, నా మూడు మాటలకీ న్యాయం జరిగింది. అక్షింతలు పడ్డాయి. అత్తమ్మ లేచింది.

శనివారం ఆపరేషన్ బాగానే జరిగింది. మత్తు దిగాక మామ కళ్ళు తెరిచి మొట్టమొదట అన్నమాట, "ఆకలైతుంది." ముందురోజు నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టని మనిషి ఇంకేమంటాడు? కానీ అత్తమ్మకు ఆ ముక్క చెప్పగలిగిన మొనగాడెవడు! "కథల ఉన్నట్టే, మాటకు మాట!" అని దవాఖాన వార్డంతా వినిపించింది. వారం తిరక్కుండా మామిడిపల్లి నుంచి పహాడీ షరీఫ్ దాకా ఉన్న చుట్టాలందరికీ ఆ సంగతి తెలిసిపోయింది. కొందరు నేరుగా మా అచ్చాఫీసుకే వచ్చి, "మజ్జిగున్న పుస్తకం గావాలె. పదో తరగతిది వద్దు" అన్నారు.

గైడుగారు లోపలికి పిలిచాడు. ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను. ఇంట్లో బాపుకేం చెప్పాలో కూడా అనుకుంటూ వెళ్ళాను. ఆయన నన్ను కూర్చోమని, చాయ్ తెప్పించి, "ఆ మజ్జిగ ముగింపు కాస్త రాసిపెట్టమ్మా, మళ్ళీ అచ్చు వేద్దాం" అన్నాడు. అసలు పేజీ ఉందిగా సార్, అది వేద్దామన్నాను. "అసలుదాన్ని ఎవరడుగుతున్నారమ్మా?" అన్నాడు. నాకు చక్కిలిగింతలు పెట్టినట్టయింది. తెలుగు సాహిత్యం గుమ్మం తెరిచిందనుకున్నాను. రెండు రోజులు కూర్చుని గ్రాంథికంలో రాశాను. "సార్, మరి ముగింపు కింద నా పేరు..." అని నసిగాను. ఆయన నా అమాయకత్వానికి జాలిపడ్డాడు. "రచయిత పేరుంటే భక్తి ఎలా వస్తుందమ్మా?" పుస్తకం బయటికొచ్చింది. అట్ట మీద 'ప్రాచీన తాళపత్ర ప్రతులను పరిశీలించి పరిష్కరించినది' అని ఉంది. అందులో దీర్ఘాలూ ఒత్తులూ అన్నీ సరిగ్గానే ఉన్నాయి, నేనే దిద్దాను.

తర్వాత నేను ఆ ఉద్యోగం వదిలి బడిలో పంతులమ్మనయ్యాను. కథలు చాలా రాశాను. పత్రికలకు పంపాను. అవి శంషాబాద్ విమానాల కన్నా ఖచ్చితంగా వేళకు తిరిగొచ్చేవి. అట్లా నాలుగైదేళ్ళు గడిచాక ఒక శుక్రవారం, విమానాశ్రయం దారిలో కొత్తగా లేచిన ఓ అపార్టుమెంటుకి తోటి టీచరు నోముకు పిలిస్తే వెళ్ళాను. ఒక పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుని కథ చదువుతోంది. మొగుడు లేచాడు, ఆకలన్నాడు, ఆడవాళ్ళు నవ్వారు. నవ్వడం కూడా ఇప్పుడు నోములో భాగమైపోయినట్టుంది, నవ్వేచోట ఎవరూ తప్పిపోలేదు. పుస్తకం మూశాక ఆవిడ దాన్ని కళ్ళకద్దుకుని, "పాతకాలపోళ్ళు ఎంత మంచిగ రాసిండ్రమ్మా! గిట్ల రాయనీకె ఇప్పటోళ్ళకొస్తదా?" అంది.

"యాడొస్తదమ్మా" అన్నాను.

ప్రసాదంగా గ్లాసుల్లో మజ్జిగ పంచారు. బడికి వేళవుతోందని నిలబడే తాగబోయాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "గట్ల నిలవడి తాగొద్దు బిడ్డా, దోషం. కూసొని తాగాలె. పుస్తకంల రాసుంది."

నేను రాయలేదు. నా తర్వాత ఎవరో రాసినట్టున్నారు. గ్లాసు పట్టుకుని, చీర సర్దుకుని, ఆవిడ పక్కన మఠం వేసుకుని కూర్చుని తాగాను.