రెండో విమానం

మొన్న మంగళవారం పొద్దున ఎమ్మిగనూరులో మా చిన్నమ్మ కన్నుమూసింది. ఫోన్‌లో ఆ మాట విన్నప్పుడు నాకు ముందు ఏడుపు రాలేదు. ఆమెకంటే ముందే పోవాల్సిన మనిషి ఒకడు ఇంకా తిరుగుతున్నాడన్న కోపం వచ్చింది. ఆ కోపం ఆమె ఇచ్చిందే. దాన్ని దాచిపెట్టి ఆమెను తలుచుకోవడం నాకు చేతకాదు.

చిన్నమ్మ ఆదోనిలో జిన్నింగు మిల్లులో పత్తి ఏరేది. మిల్లు మూతపడ్డాక, గల్ఫుకు మనుషులను పంపే ఏజెంటు ఇంటికి వచ్చాడు. మా అవ్వకు అప్పటికే గుండె జబ్బు.

"మా అమ్మకు బాగలేకపోతే వచ్చేకి అయితాదా అన్నా?" అని చిన్నమ్మ అడిగింది.

"హైదరాబాదులో ఎక్కితే నాలుగు గంటల్లో దుబాయిలో దిగుతావమ్మా. ఈడినుంచి హైదరాబాదు పోయేకే అంతకంటే ఎక్కువ పడతాది" అన్నాడు.

ఆ నాలుగు గంటలను నమ్మి బయలుదేరింది.

దుబాయిలో ఆమెను బయటికి రానివ్వలేదు, ఇంకో విమానం ఎక్కించారు. చేతి గడియారం చూసుకుంటూ కూర్చుంది. మరో నాలుగు గంటలు. దిగింది బీరూట్‌లో. పనికి పెట్టుకున్న ఇంటివాళ్లు పాస్‌పోర్టు లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశారు. అక్కడినుంచి ఇక్కడికి ఎంత దూరమో చూడమని చిన్నమ్మ ఫోన్‌లో అడిగితే నేను వెతికి చెప్పాను, హైదరాబాదుకు నేరుగా కొలిచినా నాలుగున్నర వేల కిలోమీటర్లకు పైనేనని. ఆ నెలలోనే అవ్వ పోయింది. చిన్నమ్మ కడసారి చూపుకు రాలేకపోయింది.

రెండేళ్ల గడువు తీరాక పాస్‌పోర్టు ఇస్తే తిరిగొచ్చి, ఆదోనిలో ఆ ఏజెంటు ఆఫీసు గది మెట్ల మీద కూర్చుంది. రోజూ ఎమ్మిగనూరు నుంచి బస్సులో వచ్చేది. ఒడిలో జొన్నరొట్టె మూట, బుగ్గన వక్క. మెట్లెక్కే ప్రతి ఆడమనిషినీ ఆపేది.

"యాడికి పంపుతానన్నాడు? ఎన్ని ఇమానాలు? టికెట్టు మీద ఊరి పేరు సదివించుకున్నావా?"

ఒకరోజు ఏజెంటే కిందికి దిగి చేతులు జోడించాడు. "నా పొట్ట కొట్టొద్దక్కా."

"మా యమ్మ మొగం సూసేకి నాలుగు గంటలన్నావు గదా. ఆ నాలుగు గంటలు తెచ్చియ్యి. లేసి పోతా."

ఇక చాలు చిన్నమ్మా అన్నాను నేనోసారి. "వాడు అబద్ధం సెప్పింది నా ఒక్కదానికే గాదు పాపా. మా యమ్మ గూడా నమ్మింది. తలుపు దిక్కే సూస్తా పోయింది" అంది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు నేను.

ఏడాది తిరిగేసరికి వాడు గదికి తాళం వేశాడు. పత్తికొండలో తెరిచాడని తెలిసి అక్కడికీ పోయింది. అదీ మూసేదాకా వదల్లేదు.

మంగళవారం వాడు పూలదండ పట్టుకుని వచ్చాడు. మెట్ల దగ్గర చిన్నమ్మ ఆపి వెనక్కి పంపిన ఆడవాళ్లు వాకిలి నిండా ఉన్నారు. ఒక్కరూ పక్కకు జరగలేదు. నేను ఎదురుపోయి నిలబడ్డాను.

"పోయినోళ్లతో పగ యాలమ్మా?" అన్నాడు.

"పోయింది ఆమె. పగ నా దగ్గరే ఉంది" అన్నాను.

పాడె లేచింది. సందు ఇరుకు, వాడి మోటారుసైకిలు తిప్పుకునే చోటు లేదు. మేము ముందుకు నడిచేకొద్దీ, వాడు బండిని అడుగడుగూ వెనక్కి తోసుకుంటూ, దండ హ్యాండిలుకు వేలాడుతుండగా, పెద్ద రోడ్డు దాకా పోయాడు.