డాక్టరుగారి సంతకం కింద నా మాటలు

నాలుగేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మా ఆయనకు కూడా తెలియదు. మీకు చెప్పగలుగుతున్నానంటే, మీరు నా ముఖం చూడలేరు కాబట్టి.

ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలో ఒక కన్సల్టెన్సీలో పనిచేస్తాను. క్లయింట్లకు కావలసిన మాట ఎంపీల చెవిన పడేలా చూడటం మా పని. ఆ ఏడాది ఒక ఎడారి దేశంతో స్నేహం పెంచుతామనే మండలి మా దగ్గరికి వచ్చింది. పేరుకే మండలి. మేం రాసిన ప్రతి కాగితానికీ దిద్దుబాట్లు ఆ దేశపు రాయబార కార్యాలయం నుంచి వచ్చేవి. పరాయి ప్రభుత్వం తరఫున ఇక్కడి పార్లమెంటును ఒప్పించాలని చూసేవాళ్ళు అందరికీ కనబడే రిజిస్టరులో పేరు నమోదు చేసుకోవాలని చట్టం. మా మేనేజరు మాత్రం, క్లయింటు మండలే కదా, అక్కర్లేదన్నాడు. తలూపాను. ఆ దిద్దుబాట్లు ఎవరి మెయిల్ నుంచి వస్తున్నాయో రోజూ చూసేదాన్ని నేనే. తెలియనట్టు ఎలా ఉండగలిగాను?

ఆ దేశంలో వలస కూలీల మరణాలపై ఇక్కడి పార్లమెంటు కమిటీ ఒకటి విచారణ మొదలుపెట్టింది. క్లయింటుకు ఒక మంచి సాక్షి కావాలి. ఊరి శివారు గంగాలిన్‌లో మా వీధిలోనే ఉండే డాక్టరుగారు గుర్తొచ్చారు. కాకినాడవారు. ఆస్ట్రేలియా రాకముందు ఆ దేశపు ఆసుపత్రిలో చాలా ఏళ్ళు పనిచేశారు. మా పాపకు జ్వరం వస్తే నేను మొదట తట్టేది ఆయన తలుపే.

ఆయన చెప్పిన జ్ఞాపకాలతో, ఆయన పేరు మీద కమిటీకి ఉత్తరం రాశాను. మంచివి ఉంచాను. ఎండదెబ్బ తిన్న కూలీలను వరసగా స్ట్రెచర్ల మీద మోసుకొచ్చేవారని చెప్పినది తీసేశాను. ఆయన రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి నా వైపు చూశారు.

"అమ్మా, దీని వెనక ఆ గవర్నమెంట్ వాళ్ళెవరైనా ఉన్నారా? ఉంటే చెప్పు, రిజిస్టర్ చేసేద్దాం. తప్పేముంది అందులో?"

"ఎవరూ లేరంకుల్. ఇట్స్ జస్ట్ యువర్ ఎక్స్‌పీరియన్స్."

"మరి స్ట్రెచర్ల సంగతి లేదేం?"

"లెంత్ ఎక్కువైందని తీశాను. కమిటీవాళ్ళడిగితే చెబుదురుగాని."

సంతకం పెట్టారు. వాళ్ళు అడగలేదు.

కొన్ని నెలలకు ఆయనకు ఆ రిజిస్టరు చూసే ప్రభుత్వ శాఖ నుంచి ఉత్తరం వచ్చింది. ఎవరి తరఫున రాశారని ప్రశ్న. నాకు మూడుసార్లు ఫోన్ చేశారు. ఎత్తలేదు. అదే వారం ఆ మెయిళ్ళన్నీ తుడిచేశాను. తర్వాత ఇద్దరు అధికారులు వాళ్ళింటికొచ్చి వెళ్ళారని ఆయన భార్య, ఆంటీ, చెప్పింది. అంతా తానే రాశానని ఆయన వాళ్ళతో అన్నారట. నన్ను కాపాడటానికా? ఒక ఆడపిల్ల చేతిలో మోసపోయానని చెప్పుకోలేకా? అడిగే ధైర్యం నాకు లేదు. అధికారులకు చెప్పిన ఆ అబద్ధం ఇప్పుడు ఆయన మెడకే చుట్టుకోవచ్చు.

ఫైలు ఇంకా మూయలేదు. తుడిచేసిన మెయిళ్ళు నిజంగా ఎక్కడికీ పోవని మా ఆఫీసు ఐటీ అతను ఒకరోజు ఏదో మాటల్లో అన్నాడు. అప్పటినుంచి తెలియని నంబరు మోగితే ఎత్తను. డాక్టరుగారు ట్రామ్ స్టాపులో కనబడితే పాప ఎలా ఉందని అడుగుతారు. అంతకుమించి ఒక్క మాట అడగరు. ఆ అడగకపోవడమే నాకు భయం.

ఆ ఉత్తరం ఆయన రాయలేదు. నేను రాశాను. ఎవరి కోసమో తెలిసే రాశాను.

ఈ మాట చెప్పవలసింది ఆ అధికారుల ముందు, ఇక్కడ కాదని తెలుసు. అక్కడికి వెళతానని మీకు మాటివ్వలేను. కానీ నాలుగేళ్ళలో ఇది నా నోట రావడం ఇదే మొదలు.