టీకా వేసిన మూడో రోజు

మొన్న బుధవారం ఉదయం పదీ ఇరవైకి ఎదురింటి కోడలు పసిబిడ్డకు టీకా వేయించుకొని ఆటో దిగింది. బిడ్డ ఏడుపు వినగానే నా కళ్లు మా వీధి తలుపు గడియ మీదికి పోయాయి. మా అత్త ఉన్నన్నాళ్లూ బుధవారం, అంటే టీకాల రోజు, ఆ గడియ పడే ఉండేది. ఆమె పోయి నాలుగు నెలలైంది.

తిరుపతిలో ఇన్ని ఆసుపత్రులున్నా ఆమె ఒక్కదాన్నీ నమ్మలేదు. ఉచితంగా ఇచ్చేదైతే మరీ అనుమానం. పెరుగామె ఒక గరిటె ఎక్కువ పోసినా వాసన చూసేది. "ఊరికే ఎవురిస్తారు పాపా?" అనేది నాతో. నా కూతురికి తొమ్మిదో నెల వచ్చి తట్టు టీకా వేయించాల్సినప్పుడు, పక్క సందులో అప్పటికే ఇద్దరు పిల్లలకు తట్టు పోసి ఉంది. ఘాట్‌రోడ్డు మలుపులకు బెదరని మా ఆయన, వాళ్లమ్మకు ఎదురు చెప్పలేక బస్సు డ్యూటీకి పోయాడు. టీకా కార్డు కోసం ఇల్లంతా వెతికితే అత్త దాచిపెట్టిన బియ్యం డ్రమ్ము అడుగున దొరికింది. కార్డు లేకుంటే సూది వేయరని ఆమె నమ్మకం. ఆశా వర్కరు పుస్తకంలోనూ పేరుంటుందని ఆమెకు తెలియదు.

ఎందుకింత భయమని అడిగాను. మా ఆయన కంటే ముందు ఆమెకు ఒక ఆడపిల్ల పుట్టిందట. సూది వేసిన మూడో రోజు జ్వరంతో పోయిందట.

"సూది వల్లనో, ఇంక దేని వల్లనో నాకు తెలీదు. ఏసి పోయినోళ్లు మళ్లా ఈ గడప తొక్కలా. వచ్చి చెప్పింటే నమ్మిందునేమో."

గడియ తీసి, బిడ్డను ఎత్తుకొని పోయి టీకా వేయించాను. రెండు రోజులు ఆమె నాతో మాట్లాడలేదు. మూడో రోజు పిలవకుండానే ఆశా వర్కరు వచ్చింది. అత్త గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"నిన్నెవురు పంపినారు?"

"ఎవురూ పంపలేదవ్వా. బిడ్డ ఎట్లుండాదో సూసి పోదామని."

అత్త ఆమె చేత బిడ్డ నుదురు రెండుసార్లు పట్టించి చూసి, మజ్జిగ ఇచ్చింది.

ఆ తర్వాత కూడా బుధవారం గడియ వేయడం మానలేదు. కానీ శుక్రవారం అదే గడియ తీసి, మా సందులో టీకా వేయించిన ప్రతి ఇంటికీ పోయేది. నుదురు, మెడ కింద చెయ్యి పెట్టి చూసి వచ్చేది. డాక్టరమ్మ వచ్చిందని తల్లులు నవ్వేవాళ్లు. నమ్మకం కుదిరిందా అత్తా అని ఒకసారి అడిగాను.

"కుదర్లా. అందుకే పోతా ఉండా."

ఈరోజు శుక్రవారం. ఎదురింటి తలుపు తెరిచే ఉంది. తర్వాతి టీకా ఎప్పుడో ఆ కోడలి ఫోనుకు మెసేజి వస్తుంది. మూడో రోజు బిడ్డ నుదురు చూడడానికి మా సందులో ఇప్పుడు ఎవరూ పోవడం లేదు.